దారం తీసిన మిషన్లు

బటన్ల పిల్ల చచ్చిపోయింది జ్వరంతో కాదు, తాళంతో. ఆ సంగతి చొక్కాల కంపెనీ కుట్టు హాల్లో పనిచేసే ప్రతి మనిషికీ తెలుసు.

పొద్దున్నుంచీ ఒళ్లు కాలిపోతోందని, ఇంటికి పంపమని ఆ పిల్ల బతిమాలింది. "ఈ లోడు పోయాక పో" అన్నాడు సూపర్‌వైజరు. మధ్యాహ్నం దాటాక ఫిట్స్ వచ్చి స్టూలు మీంచి కింద పడింది. ఆడవాళ్లు ఎత్తుకుని పరిగెత్తితే హాలు తలుపుకి బయటినుంచి తాళం. పనివాళ్లు చొక్కాలు దొంగిలిస్తారని యజమాని వేయించిన తాళం అది. తాళంచెవి మేనేజరు జేబులో ఉంది, మేనేజరేమో భోజనానికి ఊళ్లోకి పోయాడు. తలుపు బాదారు, కిటికీ ఊచలు పట్టుకుని గొంతులు పోయేలా అరిచారు. ఆ దొరగారు తీరిగ్గా వచ్చి తలుపు తీసేసరికి పిల్ల తల కాలరక్క ఒళ్లో చల్లబడిపోయింది.

కాలరక్క అంటే కాలర్లు కుట్టే ఆవిడ. కంపెనీ క్వార్టర్స్‌లో ఒంటిగదిలో ఉంటుంది. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. ఇంట్లో ఒక తొక్కుడు మిషను, గోడకి ఒక సిలువ, అంతే ఆస్తి. అయితే ఆ గదుల వరసలో ఎవరికి కష్టమొచ్చినా ముందు తట్టేది ఆవిడ తలుపే.

పిల్లని మట్టి చేసిన తర్వాతి ఆదివారం, క్వార్టర్స్ చివరనున్న రేకుల ప్రార్థన మందిరంలో పిల్ల తల్లి లేచి నిలబడింది. "ప్రభువా, ఆ తాళం తియ్యి" అంది. వెనక వరసల్లోంచి ఒక్కొక్కరే అదే మాట అందుకున్నారు. అది ప్రార్థనో, డిమాండో అక్కడున్నవాళ్లెవరూ తేల్చుకోలేదు. యజమాని మాత్రం క్షణంలో తేల్చుకున్నాడు.

మర్నాడే మందిరానికి అనుమతి లేదంటూ పోలీసులు వచ్చి సీలు వేశారు. పాస్టరు సామాను రోడ్డు మీద పారేశారు. ఇకమీదట క్వార్టర్స్‌లో ఇంటివాళ్లు తప్ప బయటివాళ్లు ఒకచోట చేరితే గది ఖాళీ, ఉద్యోగం ఖాళీ, ఆపైన కేసు అని గార్డు మైకులో చదివాడు. మనిషి చచ్చినందుకు కేసు లేదు. మనుషులు కలిసి కూర్చుంటే కేసు! ఇదీ వాళ్ల చట్టం.

"నా గదిలో కలుద్దాం" అంది కాలరక్క.

ఎలా కలవాలో కూడా ఆవిడే చెప్పింది. గుంపుగా రాకూడదు. ఒక్కొక్కరూ ఆల్టరేషన్‌కి ఇచ్చేందుకు వస్తున్నట్టు చేతిలో గుడ్డ పట్టుకుని రావాలి. చెప్పులు గుమ్మం బయట వదలకూడదు, లోపలికి తెచ్చేసుకోవాలి. బైబిలు ఉతకాల్సిన బట్టల మూటలో ఉంటుంది. ఎవరైనా వస్తే చప్పున ప్రతి ఒళ్లోనూ ఒక చొక్కా, చేతిలో సూది. ఇక పాట. పాట లేకుండా వీళ్లకి ఆరాధనే లేదు. అందుకని ఆవిడ మిషను తొక్కుతూ ఉంటే ఆ మోత చాటున మిగతావాళ్లు మెల్లగా పాడాలి. సెలవు రోజున కూడా కంపెనీ పీసులు కుట్టే క్వార్టర్స్‌లో మిషను మోతని ఎవడు పట్టించుకుంటాడు?

ఇస్త్రీ మావయ్య ఒప్పుకోలేదు. ఆయన ఇస్త్రీ సెక్షన్లో తల నెరిసినవాడు, దేవుడంటే గిట్టనివాడు.

"మీరిలా కళ్లు మూసుకుని కూర్చుంటే తాళం ఎవడు తీస్తాడమ్మా?"

"నిద్రపోవడానికి మూసుకుంటున్నామా మావయ్యా? హాల్లో నోరెత్తితే జీతం కోత. కుళాయి దగ్గర మాట్లాడితే వెనకాల గార్డు. ఒకరి బాధ ఒకరం వినడానికి ఈ గది తప్ప ఇంకేం మిగిలింది మనకి?"

ఆయన తల గోక్కున్నాడు. "సరే. గుమ్మం దగ్గర నేను కూర్చుంటా. మీ దేవుడి కోసం కాదు, ఆ పిల్ల కోసం. ఎవడైనా వస్తే దగ్గుతాను."

తర్వాతి ఆదివారం సాయంత్రం గది నిండిపోయింది. మిషను ముందు కూర్చున్న కాలరక్క సూదిలోంచి దారం లాగేసింది. గుడ్డని నొక్కిపట్టే మిషను పాదం పైకెత్తి, ఉత్త మిషను తొక్కడం మొదలుపెట్టింది. గుమ్మం దగ్గర్నుంచి మావయ్య అది చూశాడు.

"అదేంటి, దారం తీసేశావు?"

"మోతే కదా కావాల్సింది. దారం కంపెనీది, దుబారా ఎందుకు?"

"పిల్లని మింగినవాడి దారం మూరెడు పోతే నీకు పాపం చుట్టుకుంటుందా? నీ నిజాయితీ తగలెయ్య!"

"వాడి పాపం వాడిది మావయ్యా. ప్రార్థన జరిగే గదిలో దొంగదారం వద్దు."

పాట అయింది. రొట్టె ముక్క చేతులు మారింది. పిల్ల తల్లి ఏడ్చింది, ఆవిడతోపాటు గదంతా ఏడ్చింది. ఏడుపు ఆగాక వాదన మొదలైంది. తాళం తీసేదాకా పనిలోకి దిగొద్దన్నారు కొందరు.

"దిగకపోతే గేటు బయటికి గెంటి, కొత్తవాళ్లని తెచ్చుకుంటాడు" అంది చొక్కా చేతులు కుట్టే వదిన. "మిషన్ల దగ్గర మనమే ఉండాలి. కానీ కూర్చుంటే కుట్టాల్సిందే కదా. ఇంకేం దారుంది?"

అప్పుడే మావయ్య దగ్గాడు.

"ఏం సూపర్‌వైజరు గారూ, ఆదివారం కూడా మా మొహాలు చూడందే పొద్దుపోవట్లేదా?" అని గట్టిగా అడిగాడు బయట.

లోపల చొక్కాలు ఒళ్లలోకి వచ్చేశాయి. బైబిలు మూటలోకి పోయింది. అంతా అనుకున్నట్టే జరిగింది. కాలరక్క మాత్రం మిషను ఆపకుండా తొక్కుతూనే ఉంది.

సూపర్‌వైజరు గుమ్మం అవతల నిలబడి విన్నాడు. ఒకప్పుడు వాడూ ఆవిడ పక్క మిషను మీద కుట్టినవాడే. ఇప్పుడు ఇద్దరు గార్డుల్ని వెంటేసుకుని తిరుగుతున్నాడు. లోపలికి వచ్చి, చొక్కాల వంక కన్నెత్తి చూడకుండా నేరుగా మిషను దగ్గరికి వెళ్లి, చక్రం పట్టుకుని ఆపి, సూది కింద వేలు పెట్టాడు.

"కాలరు కుట్టేటప్పుడు మొన దగ్గర ఆగాలి, తిప్పాలి, మళ్లీ తొక్కాలి. నాకు నేర్పింది నువ్వే కదక్కా. ఇంతసేపట్నుంచీ ఒక్కసారి కూడా ఆగలేదేంటి నువ్వు? గుడ్డ లేదు, దారం లేదు. ఏం కుడుతున్నావు?"

గార్డులు మూట విప్పేశారు. కాలరక్క లేచి నిలబడింది.

"గది నాది. పిలిచింది నేను. వీళ్లు నా మాట కాదనలేక వచ్చారు."

జబ్బ పట్టుకుని ఈడ్చుకుపోతుంటే వరసంతా బయటికొచ్చి చూసింది. ఆవిడ మిషనుని సందులోకి విసిరేసి గదికి తాళం వేశారు. ఇంకో తాళం!

గేటు పక్క గార్డు రూములో తెల్లవార్లూ కూర్చోబెట్టారు. పొద్దున్నే మేనేజరు వచ్చాడు, వెనకాలే సూపర్‌వైజరు.

"ఇంకా ఎవరెవరి గదుల్లో జరుగుతోందిది? చెప్పేసి ఇంటికి పో. లేదంటే జీపు వస్తోంది."

ఆవిడ ఒక్క పేరూ బయటపెట్టలేదు. లోపల మాత్రం కుమిలిపోతోంది. మూరెడు దారం మిగల్చబోయి అందరి కొంపా ముంచాను అనుకుంది. ఆ పిల్ల తల్లికి ఇక మొహం ఎలా చూపించడం?

సైరన్ మోగింది. హాల్లో మిషన్లు మొదలయ్యాయి. ఒకటీ అరా కాదు, హాలు హాలంతా. మేనేజరు నవ్వాడు.

"విన్నావా? నీ గుంపంతా బుద్ధిగా పనిలో కూర్చుంది. నీకోసం ఒక్కడన్నా ఆగాడా?"

కాలరక్క తల వంచుకుంది. అయితే ఎన్నో ఏళ్లుగా ఆ మోతలోనే బతికిన చెవులు అవి. వినకుండా ఎలా ఉంటాయి? కాలర్ల వరస ఆగట్లేదు. చేతుల వరస ఆగట్లేదు. మొన దగ్గర ఆగే మిషను ఒక్కటీ లేదు. అన్నీ ఒకే ఊపున, ఊపిరి తీసుకోకుండా తిరుగుతున్నాయి. ఆవిడ తలెత్తి సూపర్‌వైజరు వైపు చూసింది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సార్... వాళ్లు కుట్టట్లేదు."

"మోత వినబడుతుంటే కుట్టట్లేదంటావేంట్రా?"

"ఉత్త మిషన్లు సార్. అన్నీ ఉత్తవే."

ఇద్దరూ హాలు వైపు పరిగెత్తారు. అదే సమయానికి జీపు వచ్చింది. కానిస్టేబులు ఆవిడని బయటికి లాక్కొచ్చాడు. హాలు కిటికీ పక్కనుంచి నడుస్తుంటే ఊచల్లోంచి చేతులు బయటికొచ్చాయి, చేతుల్లో నిండు దారపు కండెలు. సందులో పడేసిన ఆవిడ మిషనుని తుడిచి తన గదిలో పెట్టానని చేతుల వదిన అరిచింది. ఇస్త్రీ మావయ్య ఊచలకి మొహం ఆనించాడు.

"మూరెడు దారం కూడా దుబారా చెయ్యలేదు తల్లీ! వాడి దారం వాడికే ఉంది!"

లోపల మేనేజరు ఏం కావాలని గద్దిస్తున్నాడు. జవాబు పిల్ల తల్లి గొంతులో మొదలైంది. "తాళం తియ్యి!" తర్వాత హాలంతా అందుకుంది. దేవుణ్ణి నమ్మినవాళ్లూ, నమ్మనివాళ్లూ, నిన్నటిదాకా భయపడ్డవాళ్లూ. ఊచలు అదిరాయి. గార్డులు లాఠీలు తీసుకుని లోపలికి దూకారు, ఎవరో కేక పెట్టారు, అయినా ఆ మాట ఆగలేదు.

జీపు కదిలింది. కాలరక్క వెనక్కి తిరిగి, "తాళం తియ్యి!" అని అరిచింది.

"నోరు ముయ్యి" అని కానిస్టేబులు చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. ఆవిడ మళ్లీ అరిచింది, ఇంకా గట్టిగా. మందిరానికి సీలు పడ్డాక, ఏ మిషను మోతా చాటు లేకుండా ఆవిడ గొంతెత్తడం అదే మొదలు.