మోకాలి దగ్గర విడిపోయే పాంటు

భూగర్భ జలాల సర్వే ఆఫీసులో చేరిన పది నెలల్లో రత్నమాల బయటి పనికి వెళ్ళింది ఒక్కసారే. కొండాపూర్ దగ్గర రాతిగుండ్లు ఎక్కుతుంటే చీర కుచ్చెళ్ళు తుమ్మకంపకు తగులుకుని పడిపోయింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. కానీ ఆఫీసరు చలపతిరావు, ఆడవాళ్ళు ఫీల్డుకు పనికిరారని ఫైల్లో రాసి ఆమెను పటాలు గీసే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అది 1973. ఆ ఆఫీసులో ఆడమనిషి ఆమె ఒక్కతే.

కాకినాడ నుంచి ఇంత దూరం వచ్చింది పటాలు గీయడానికి కాదు. పనికిరానిది తాను కాదు, చీర అని ఆయనతో చెప్పింది. అయితే ఏం తొడుక్కొస్తారో చూస్తానని ఆయన నవ్వాడు.

మామూలు పాంటు చాలదని రత్నమాలకు తెలుసు. ముళ్ళలో కాళ్ళు పూర్తిగా కప్పాలి. బావి నుంచి బావికి వెళ్ళే దారిలో కుంటలు, వరిమళ్ళు దాటాలి. దళసరి ఖాకీని మోకాలి పైకి మడిస్తే నిలవదు. అందుకని గుండీలు విప్పితే మోకాలి కింది భాగం ఊడివచ్చేలా బొమ్మ గీసుకుని, ఒక ఆదివారం కొత్తగూడ వెళ్ళింది. అక్కడ ఐలయ్య అనే దర్జీ రాళ్ళు కొట్టేవాళ్ళకు నిక్కర్లు కుడతాడు.

ఆడమనిషికి పాంటు కుడితే ఊళ్ళో నవ్వుతారని ఐలయ్య కొలతలు తీయనన్నాడు. పక్కన కాజాలు కుడుతున్న అతని భార్య నీలమ్మ లేచి వచ్చి టేపు అందుకుంది.

"నడిచేది ఆమె, కుట్టేది నేను. నడుమ నీకేం పరేషాన్?" అంది భర్తతో.

మొదటి పాంటు గుండ్ల మీద గంటసేపు కూడా నిలవలేదు. ముళ్ళు దిగలేదు కానీ, కాలు ఎత్తి పెట్టిన ప్రతిసారీ మోకాలి దగ్గర లాగి మూడు గుండీలు ఎగిరిపోయాయి. నీలమ్మ గుండీలు తీసేసి రవికె హుక్కులు పెట్టింది. తరువాతి ఆదివారం రత్నమాల కుంటలో దిగింది. కింది భాగాలు సులువుగానే ఊడాయి. కట్ట మీద బట్టలుతికేవాళ్ళు పని ఆపి ఆమె పిక్కలను చూశారు. ఆమె అటు చూడకుండా అవతలి గట్టు ఎక్కింది. అక్కడ మళ్ళీ తగిలిద్దామంటే హుక్కుల నిండా బురద.

హుక్కుల మీద గుడ్డ పట్టీ వేశాక బురద తిప్పలు తప్పాయి. జూలై వానలో తడిసి చూస్తే కుట్లూ నిలిచాయి. కానీ గుండు ఎక్కేటప్పుడు లాగడం పోలేదు. ఎక్కడ లాగుతోందో రత్నమాల ఎన్నిసార్లు చెప్పినా నీలమ్మకు తేలలేదు.

"నువ్వు చెప్తే నాకు సమజైతలేదమ్మా. నేనే ఏసుకుని చూస్త" అంది.

పట్టపగలు ఆ పాంటు తొడుక్కుని నీలమ్మ ఊరి మధ్య నుంచి గుండ్ల వైపు నడిచింది. రత్నమాల పక్కనే ఉంది. ఐలయ్య మిషను ఆపి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఊరి పెద్ద లింగమూర్తి దారికి అడ్డం వచ్చి, ఇట్లా తిరిగితే ఊరి ఇజ్జత్ ఏం కావాలని నిలదీశాడు.

"ఊరి ఇజ్జత్ తెచ్చి నా కాళ్ళల్ల పెట్టకు పటేలా. జరుగు, నాకు పనుంది" అంది నీలమ్మ.

గుండు మీద రెండుసార్లు గొంతుకూర్చుని లేచేసరికి ఆమెకు తెలిసింది. లాగేది మోకాలి దగ్గర కాదు, తొడల మధ్య కుట్టు దగ్గర. ఇంటికొచ్చి అక్కడ నాలుగు పలకల గుడ్డముక్క ఒకటి అతికింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడని ఐలయ్య మూడోనాడు దాన్ని చేతిలోకి తీసుకుని, అక్కడ దారం రెండు పేటలు వేయాలన్నాడు. తనే కూర్చుని వేశాడు.

రత్నమాల సెలవు పెట్టి, ఆ పాంటుతోనే నాలుగు రోజుల్లో పన్నెండు బావుల్లో నీటిమట్టం కొలిచింది. లెక్కలు ఆఫీసుకు పట్టుకెళ్ళేసరికి చలపతిరావు చేతిలో లింగమూర్తి రాయించిన అర్జీ ఉంది. మీ ఆఫీసు అమ్మాయి మా ఊరి ఆడవాళ్ళను చెడగొడుతోందని అందులో ఉంది.

"దీనికేమంటారండి?" అన్నాడాయన.

"నా కొలతల్లో తప్పుంటే చెప్పండి సార్. బట్టల గురించైతే, నేను ఏది తొడుక్కోకూడదో మీరే రాసి సంతకం పెట్టండి. ఆ కాగితం పైవాళ్ళకు నేనే పంపుకుంటాను."

చలపతిరావు కలం మూత తీశాడు. ఒక్క అక్షరం రాయకుండానే మళ్ళీ మూత పెట్టేశాడు. రత్నమాల ఆ అర్జీ అందుకుని, అడుగున "చదివాను" అని రాసి సంతకం చేసి ఆయన ముందు పెట్టింది.

సోమవారం జీపు జీడిమెట్ల వైపు బయలుదేరుతుంటే ఎవరూ పిలవకుండానే ఆ పాంటుతోనే వెళ్ళి వెనక సీట్లో కూర్చుంది. డ్రైవర్ వరండాలో ఉన్న చలపతిరావు వైపు చూశాడు. ఆయన వెనుదిరిగి లోపలికి వెళ్ళిపోయాడు.

"పోనివ్వండి" అంది రత్నమాల.

మొదటి బావిలో నీరు పద్దెనిమిది అడుగుల లోతున ఉంది. కొలత పుస్తకంలో ఎక్కించి, ఎదురుగా కొలిచినవారి గడిలో తన పేరు పూర్తిగా రాసింది.