వెంట్రుకల పళ్లెం

పొయ్యి మీద నూనె కాగుతోంది. గుంటగరగరాకు రసం పోసిన నువ్వుల నూనె. ఎప్పుడు దించాలో తెలియడానికి ఒక గుర్తుంది. వత్తి ముంచి వెలిగిస్తే చిటపటమనకూడదు. చిటపటమందంటే ఆకు నీళ్లు ఇంకా ఇగరలేదన్నట్టు. మూడుసార్లు వెలిగించాను, మూడుసార్లూ చిటపటే. బీడీల చాట మూలన పడి ఉంది, పొద్దున్నించీ చుట్టింది సగం కూడా లేదు. కుక్కర్ ఆవిరి పోతోంది. ఈ నూనె చల్లార్చి, వడకట్టి, నాలుగు సీసాల్లో పోయాలి. నా జుట్టు రాలుతోందని డాక్టరమ్మ చెప్పిన మందు ఇది. నాలుగింటిలో నాది ఒక్కటే, అదీ చివరిది, అడుగు మడ్డి పడేది.

రాలడమంటే కొంచెం కాదు. దువ్వెన నిండా, దిండు మీద, చాటలో తంబాకు మీద. ఒకసారి బీడీలో నా వెంట్రుక కనబడిందని కార్ఖానాలో ఆ రోజు కట్టలన్నీ వెనక్కి కొట్టారు. "నెత్తికి గుడ్డ కట్టుకోని చెయ్యి, బట్టబుర్రా" అన్నాడు లెక్క చూసేవాడు. పక్కనున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. ఇంటికొచ్చి చెబితే నా మొగుడు నాగేందర్ నవ్వాడు. "నీ పాపిట డిచ్‌పల్లి హైవే లెక్కైంది తియ్. పోయేటియి పోతయ్, వచ్చేటియి వస్తయ్." అతని నడినెత్తి నున్నగా మెరుస్తుంది. మొగవాడికి అది అందమట. అతని చెల్లె గృహప్రవేశంలో మాత్రం ఫోటోకి నిలబడబోతే మోచేత్తో పొడిచి, "కొంగు కప్పుకో, నలుగురు సూస్తున్నరు" అన్నాడు.

నాకు నేనే సర్కారు ఆయుర్వేద దవాఖానకు పోయాను. డాక్టరమ్మ నెత్తి చూడలేదు. కింది రెప్ప లాగి చూసింది, రక్తపరీక్ష చేయించింది. "ఎన్ని గంటలకు తింటవమ్మా?" అంది.

"అందరు తిన్నంక."

"అందరు ఎప్పుడు తింటరు?"

వేళ్లు మడిచి లెక్కపెట్టాను. అత్త ఒంటిగంటకు, నాగేందర్ రెండింటికి, పిల్ల బడి నుంచి వచ్చాక. ఆ తర్వాత ఉంటే నేను.

"ఒంట్ల రక్తం లేదు నీకు. తిన్నది ముందు రక్తానికి పోతది, కండకు పోతది, ఎముకకు పోతది. గవన్ని తీసుకున్నంక మిగిలిందాంతోని ఎంటిక పెరుగుతదంటది మా శాస్త్రం. నీకు నెత్తిదాక ఏం మిగుల్తలేదు."

నవ్వొచ్చింది నాకు. మా ఇంట్లో నా వరుస కూడా అదే. చీటీ మీద మూడు రాసింది. ఒకటి, పన్నెండు లోపల వేడి అన్నం, ఆకుకూర, దాంతో రక్తానికి గోలీలు. రెండు, పదింటికల్లా నిద్ర. మూడు, నూనె. "మొదటి రెండు లేకపోతె మూడోది ఉత్తదే, యాదుంచుకో" అంది.

నాగేందర్ చీటీ చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నూనె రాసిందే. ఎడపల్లి కాలువ ఒడ్డు పొంటి ఆకు మస్తుంటది, చెల్లెతోని పంపియ్యమంట."

"పైన రెండు రాసింది గదా?"

"అవి మందులా? అందరికి జెప్పే ముచ్చట్లే గవి."

ఆడబిడ్డ అనసూయ సంచి నిండా ఆకు బస్సులో వేసి, ఫోన్ చేసింది. "వదినా, నాకో సీస. మా అత్తకు గూడ ఎంటికలు పోతున్నయి, ఆమెకో సీస." నాగేందర్‌కు మూడోది. ఆకు ఏరడం, కడగడం, నూరడం, గుడ్డలో పిండడం, గంటలకొద్దీ కలియబెట్టడం. రోగం నాది, మందు ఊరందరిది, చాకిరి మళ్లీ నాదే. రెండు నెలలుగా నా అన్నం ఇంకా వెనక్కి జరిగింది, జుట్టు ఇంకా రాలింది. "నీ ఒంటికి నూనె పడ్తలేదే" అంటుంది అత్త వెంకటవ్వ.

నాలుగోసారి వత్తి ముంచుతుంటే వీధిలో కేక వినబడింది. "చిక్కు ఎంటికలకు స్టీలు సామాను!" వెంకటవ్వ గూట్లోంచి సంచి లాగింది. నేను దువ్వుకున్నప్పుడల్లా రాలినవి ఉండచుట్టి అందులో వేయాలి, పారేస్తే ఊరుకోదు. కాసేపటికి కొత్త పళ్లెంతో వచ్చింది, మొహం వెలిగిపోతూ.

"సూడే లతా, ఎంత బరువున్నదో. అల్లుడొస్తె గిండ్లనే అన్నం పెట్టాలె."

"అవ్వా, గవి నా ఎంటికలు."

"నీయి గాకపోతె ఎవలియే? గా అర మీద గిన్నెలు ఎవలియనుకున్నవ్? గా పెద్ద గిన్నె, అనసూయ పుట్టినంక రాలిన నా ఎంటికలది. గీ లోటా మా అత్తది."

సామాను చూపించినట్టే చూపించింది. ఏ బాధా లేదు గొంతులో. ఆమె కొంగు జారింది. ముడి నా బొటనవేలంత. నలభై ఏళ్లు బీడీల చాట మీద వంగిన తల. పెళ్లయిన పదకొండేళ్ల నుంచి ఆ గిన్నెల్ని నేనే తోముతున్నాను, తళతళలాడేదాకా. అవి ఎవరి నెత్తి మీదివో ఒక్కసారి అడగలేదు.

వత్తి వెలిగించాను. చిటపటమంది. పొయ్యి ఆపేశాను. పచ్చి నూనె పచ్చిగానే ఉండనీ.

ఆ కొత్త పళ్లెం కడిగి, కుక్కర్ మూత తీసి, అన్నం పెట్టుకొని, పాలకూర పప్పు పోసుకొని అక్కడే కింద కూర్చున్నాను. ఆదివారం, నాగేందర్ ముందు గదిలో ఫోన్ చూస్తున్నాడు. "అన్నమైందా?" అని అరిచాడు.

"అయింది. వచ్చి పెట్టుకో" అన్నాను.

"గదేందే, వాడింక తిననేలే!" అంది వెంకటవ్వ.

"పన్నెండు గాలేదు అవ్వా. డాక్టరమ్మ రాసిన మొదటి మందు గిదే. దినాం గిట్లనే తింట."

మొదటి ముద్దకే నాలుక కాలింది. ఇన్నేళ్లు చల్లారిన అన్నమే తిన్న నోరు, వేడి ఎంతుంటుందో మరిచిపోయింది. కళ్ల నిండా నీళ్లొచ్చాయి. నాగేందర్ వచ్చి గడపలో నిలబడ్డాడు. నేను లేవలేదు.

"ఏడుస్తున్నవానే?" అంది వెంకటవ్వ.

"లేదు. అన్నం వేడిగున్నది."

వెంకటవ్వ నా పళ్లెంలోంచి లేస్తున్న ఆవిరి వైపు చూసింది. జారిన కొంగు మళ్లీ నెత్తిన వేసుకుంది.

"నాకైతె ఎవలు రాయలేదే, గసొంటి చీటి" అంది.