గోడ కింద ఒట్టు

నాకు చదువు ముసలితనంలో వచ్చింది. ఎక్కడైనా అక్షరం తప్పితే సర్దుకుని చదవండి. చెయ్యి నెమ్మది, అందుకే కథ కూడా చిన్నది.

మేస్త్రికీ ఆయన బామ్మర్దికీ మాటల్లేవు. మేస్త్రి కట్టుకున్న సొంతింటి మెట్లు వంకరగా ఉన్నాయని బామ్మర్ది నలుగురిలో అన్నాడు. వాడొచ్చి తప్పయిందనేదాకా వాడితో నోరు విప్పనని మేస్త్రి ఒట్టు పెట్టుకున్నాడు. పని మాత్రం ఇద్దరికీ ఒకేచోట, పాత కోర్టు భవనానికి పునాది లోతు చెయ్యడం.

పాత గోడ కింద మట్టి ఒక్కసారిగా తియ్యకూడదు. ఒక గుంట తవ్వి, పక్కది వదిలేసి, ఆ తర్వాతది తవ్వాలి. తవ్వినవాటిలో పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా గోడ నిలబడేది వదిలేసిన మట్టి మీదే. మేస్త్రి ఈ చివర నుంచి, బామ్మర్ది ఆ చివర నుంచి తవ్వుకొస్తున్నారు. మధ్యలో మాటలు మోసేది ఇంజనీరు.

"మీ బామ్మర్ది పార అడుగుతున్నాడండీ."

"వంకర పార ఉంది. పనికొస్తుందేమో కనుక్కోండి."

ఆ రోజు ఇంజనీరు సెలవు. నడుమ ఏ గుంట వదలాలో ఎవరూ ఎవరినీ అడగలేదు. మేస్త్రి గోడ కిందికంటా తవ్వి చెమట తుడుచుకుంటుంటే, పక్క మట్టిలోంచి గునపం మొన బయటికొచ్చి వెనక్కి పోయింది. ఆ కన్నంలో బామ్మర్ది కన్ను కనబడింది. అదే సమయానికి పైన, గోడ పగులుకు అడ్డంగా అతికించిన గాజుముక్క టిక్కుమంది. అది విరిగిందంటే గోడ కదిలినట్టు.

మేస్త్రి పైకెక్కి పారిపోవచ్చు. కానీ గునపం మళ్లీ వచ్చింది. ఒట్టు గుర్తొచ్చింది. వెంటనే ఇంట్లో భార్య గుర్తొచ్చింది. ఆమె తమ్ముడు ఏడని అడిగితే ఏం చెప్పాలి?

"ఒరేయ్, తవ్వకు."

గునపం ఆగింది.

"నాతోనేనా?"

"గోడ కింద ఇంకెవరున్నార్రా? నీ దగ్గరున్న దుంగ గోడకి ఆనించి నిలబెట్టు. నేనూ పెడతా."

ఇద్దరూ నిలబెట్టారు. కన్నంలోంచి బామ్మర్ది చూశాడు.

"బావా, నీ దుంగ వంకరగా ఉంది."

మేస్త్రి పళ్లు కొరుక్కున్నాడు. తర్వాత చూశాడు. వంకరగానే ఉంది. సుత్తితో కొట్టి సరిచేశాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు నిటారు."

"మెట్లూ వంకరేనంటావా?"

"అప్పుడే చెప్పాగా."

సాయంత్రానికి రెండు గుంటలూ నింపేశారు. గోడ ఇప్పటికీ అక్కడే ఉంది. మర్నాడు ఇంజనీరు వచ్చి, "మీ బామ్మర్దికి ఏమైనా చెప్పాలా?" అన్నాడు.

"మా ఇంటి మాటలు మీకెందుకండీ," అన్నాడు మేస్త్రి.

ఇట్లు, మేస్త్రి భార్యను. అందరూ పెద్దక్క అంటారు. డెబ్బై రెండేళ్లు. ఇప్పుడుండేది ఆ వంకర మెట్ల ఇంట్లోనే, గోడ పట్టుకుని దిగుతాను.