ప్లంబర్ వచ్చేదాకా

మా అత్తగారు ముప్పై రెండేళ్లు నర్సుగా పనిచేసి, రిటైరైన ఏడాదే యూనివర్సిటీలో చరిత్ర ఎమ్మే సీటు తెచ్చుకున్నారు. మా ఇంటి నుంచి క్యాంపస్‌కి రెండు గంటల ప్రయాణం. "దగ్గర్లో చిన్న వాటా చూసుకుంటాను," అన్నారు. మావారు నోరెళ్లబెట్టారు. నేను ఆవిడ వెంట బయల్దేరాను.

క్యాంపస్ గేటు ఎదురు వీధిలో, లిఫ్టు లేని మేడ. మూడో అంతస్తులో తాళం తీస్తూ ఇంటాయన నావైపు తిరిగి, "మీరేం చదువుతున్నారమ్మా?" అన్నాడు.

"చదివేది నేను బాబూ," అన్నారు అత్తగారు.

ఆయన ఆవిడ తెల్లజుట్టు వంక చూశాడు. "రోజూ ఇన్ని మెట్లు ఎక్కగలరా అండీ?"

"ఇప్పుడు ఎక్కాను కదా. ఆయాసం మీకొస్తోంది, కాస్త కూర్చోండి."

గదినిండా వెలుతురు, కొత్త రంగు వాసన. నేనైతే అక్కడికక్కడే సరే అనేసేదాన్ని. అత్తగారు కుళాయిలన్నీ తిప్పి చూశారు. తర్వాత పడగ్గది గోడకి, జ్వరం చూసినట్టు అరచేయి ఆనించి, కాసేపు అలాగే నిలబడ్డారు.

"లోపల తడి ఉంది. పైన రంగేశారు."

"మీరు చేరాక చేయిస్తానండీ."

"చేయించాక చేరతాను."

"పక్క వాటాలో క్యాంపస్ పిల్లలున్నారు, వాళ్లు ఒక్క మాట అనలేదండీ."

"ఆ పిల్లల్లో ఎవరో ఇందాకట్నుంచి దగ్గుతున్నారు. ఎన్నాళ్లుగా?"

"ప్లంబర్‌ని పిలుస్తాలెండి," అంటూ ఆయన తాళం వేసేశాడు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికల్లా ఆవిడ పుస్తకం పట్టుకుని వెళ్లి, ఇంటాయన గుమ్మం ఎదుట మెట్టు మీద కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్లు అడిగితే "ప్లంబర్ కోసం" అని చెప్పి మళ్లీ చదువుకునేవారు. అంతే. గొంతు పెంచింది లేదు, ఎవరినీ ఒక మాట అన్నది లేదు. రెండోరోజు ఇంటావిడే కుర్చీ తెచ్చి వేసింది. మూడోరోజు నేనూ వెంట వెళ్లాను. ఆవేళే ప్లంబర్ వచ్చాడు.

గోడ పగలగొడితే, రెండు వాటాలకీ నీళ్లు వెళ్లే పైపు అతుకు దగ్గర కారుతోంది. అటువైపు పిల్లల అలమర వెనకంతా నల్లగా బూజు. ఇంటాయన దగ్గరికెళ్లి వేలితో గీరి చూశాడు.

"ఇంతుందని నాకు తెలీదండీ. రెండువైపులా చేయించేస్తాను."

"చాలా సంతోషం బాబూ," అన్నారు అత్తగారు, నిజంగా సంతోషపడుతూ.

నేను పదేళ్లు అద్దె ఇళ్లలో ఉన్నాను. కారే పైపు కింద బకెట్ పెట్టడమే తప్ప, ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. ఆవేళ ఆవిడ పక్కన నిలబడి ఉంటే, ఈవిడ మా అత్తగారని అందరికీ చెప్పాలనిపించింది.

గోడ ఆరాక చేరారు. మొదటి ఆదివారం క్యారియర్ పట్టుకుని వెళ్లాను. పక్క వాటా అమ్మాయిలిద్దరూ ఆవిడ గదిలో నేలంతా కాగితాలు పరుచుకుని, ఏదో యుద్ధం గురించి ఆవిడతోనే యుద్ధం చేస్తున్నారు.

"రేపు పరీక్ష అమ్మాయ్. అది అక్కడ పెట్టి నువ్వు వెళ్లు," అన్నారు తలెత్తకుండానే.

ఇంటికి రాగానే, "అమ్మ ఎలా ఉంది?" అని మావారు ఆత్రంగా అడిగారు.

"మనతో మాట్లాడే తీరిక లేదు," అన్నాను, నవ్వు ఆపుకోలేక.