కాగితం రెండో వైపు

2010 జూన్ 14, సోమవారం. ఉదయం పదకొండింటికి సదయ్య ఫైలు పై ఆఫీసు నుంచి గోదావరిఖనిలోని గని ఆఫీసుకు తిరిగి వచ్చింది. పైన గుచ్చిన చీటీలో ఒకటే మాట ఉంది: పదిహేను పేజీలు లేవు.

పర్సనల్ సెక్షన్ క్లర్కు రఘుపతి ఫైలు విప్పి లెక్కపెట్టాడు. కాగితాలు పదహారు. పేజీలు ముప్పై ఒకటి. ఏదీ పోలేదు. ఆ పదిహేనూ కాగితాల వెనకవైపు ఉన్నాయి.

ఫిబ్రవరిలో కొత్త కాపీ మిషన్‌ను ఎంచింది రఘుపతే. పాత మిషన్ వేడికి, వాసనకు మధ్యాహ్నమయ్యేసరికి తల పట్టుకుని కూర్చునేవాడు. మూడు కంపెనీల కాగితాలు ఇంటికి తీసుకెళ్లి చదివాడు. కరెంటు తక్కువ తీసుకునేది, రెండు వైపులా తనే అచ్చు వేసేది, ఖాళీ టోనర్ డబ్బాను అమ్మినవాళ్లే వెనక్కి పట్టుకెళ్లేది చూసి, అదే కొనమని రాశాడు. సెక్షన్‌లో వాళ్లు అలవాటుకొద్దీ ఒకవైపే నొక్కుతుంటే, కరీంనగర్ మెకానిక్‌ను పిలిచి రెండువైపుల పద్ధతిని ఎవరూ మార్చకుండా మిషన్ సెట్టింగుకు తాళం వేయించాడు. నెలకు ఇరవై రెండు రీములు పట్టే ఆఫీసుకు పన్నెండు సరిపోయాయి.

సదయ్య బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గు ఎత్తినవాడు. ఊపిరితిత్తులు చెడి మార్చిలో అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన బదులు కొడుకు సంపత్‌కు ఉద్యోగం రావాలి. సంపత్‌కు బుధవారం ముప్పై అయిదు నిండుతాయి. ఆలోపు ఫైలు పూర్తిగా అందకపోతే ఉద్యోగం లేదు.

రఘుపతి పై ఆఫీసులో ఫైళ్లు చూసే వామనరావుకు ఫోన్ చేశాడు. వాళ్ల సెక్షన్‌లో ఏ ఫైలు వచ్చినా ముందువైపు జిరాక్స్ తీసి, ఉద్యోగాలు ఖాయం చేసే బోర్డుకు పంపుతారట.

"ఎనుక ఎవరు చూస్తరు రఘుపతీ? ముప్పై ఏండ్ల సర్వీసుల నేను ఒక్క కాయితం తిప్పలె. ఒకదిక్కే కొట్టి పంపు."

సంగతి విని సదయ్య కాసేపు దగ్గాడు.

"గంత మంచి మిషిన్ తెస్తిరి సారూ. కాయితం తిప్పెటోన్ని గూడ తేవాలె గద."

రఘుపతి కరీంనగర్‌కు ఫోన్ చేశాడు.

తాళం తీయడానికి మర్నాడు గాని రానన్నాడు మెకానిక్. రఘుపతి ఒక్కో పేజీ విడిగా పెట్టి మీట నొక్కాడు. అలా అయితే రెండో వైపు వేయడానికి మిషన్‌కు ఏమీ ఉండదు. మధ్యలో ఎవరైనా పిలిచి ఆలస్యమైతే కరెంటు ఆదా కోసం అది ఆగిపోయేది. మళ్లీ వేడెక్కడానికి రెండు నిమిషాలు. మొత్తానికి గంటన్నర పట్టింది. ప్రతి పేజీ మీదా మేనేజర్ సంతకం ఉండాలి. ఆయన గనిలోంచి పైకి వచ్చేసరికి నాలుగున్నర. స్నానానికి వెళ్లకముందే రఘుపతి ఆయన చేత ముప్పై ఒక్క సంతకాలు పెట్టించాడు.

మంగళవారం మొదటి బస్సుకు సంపత్ ఫైలు పట్టుకుని వెళ్లాడు. పదింటికి మెకానిక్ వచ్చి తాళం తీశాడు. ఇకమీద ఎలా పెట్టాలని అడిగాడు. ఒకవైపే అని రఘుపతి చెప్పాడు.

మధ్యాహ్నం మూడుంబావుకు సంపత్ ఫోన్ చేశాడు. పై ఆఫీసులో ముప్పై ఒక్క పేజీలు లెక్కపెట్టి, జూన్ 15 తేదీతో ముద్ర వేసి, ఫైలు తీసుకున్నారు.