నేను చూడని సాక్ష్యం

నేను ఒక కెమెరాను. పెళ్ళిళ్ళూ పేరంటాలూ నా రాతలో లేవు. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో చాలా దూరం ప్రయాణం చేసి, గోదావరి జిల్లాలోని ఒక కోర్టు హాల్లో, సాక్షి బోనుకు ఎదురుగా గోడకెక్కాను. నేను చూసింది, విన్నది అప్పటికప్పుడే ఊళ్ళోవాళ్ళ ఫోన్లలోకి వెళ్ళిపోతుంది. నాకు రెప్పలు లేవు, కుదురూ లేదు.

నేను రాగానే మనుషులు మారిపోయారు. ప్లీడర్లు జుట్టుకు రంగేసుకొచ్చారు. ఎప్పుడూ వాయిదా అడిగే పెద్దమనిషి అదే వాయిదాను నా వైపు తిరిగి గంభీరంగా అడగడం మొదలుపెట్టాడు.

ఇసుక లారీలకు అడ్డం నిలబడ్డ సూరన్న అనే రైతును లారీతో తొక్కించి చంపారన్న కేసు అప్పుడే వచ్చింది. ముద్దాయి ఇసుక కాంట్రాక్టరు. కళ్ళారా చూసింది ఒక్క నూకరత్నమే. రోడ్డు పక్కన ఆమెకు ఇడ్లీ బండి ఉంది.

మొదటిరోజు కాంట్రాక్టరు ప్లీడరు లేచి, "మీ ఆయన నిన్నెందుకు వదిలేశాడమ్మా?" అన్నాడు. నూకరత్నం తడబడి, చెంగుతో ముఖం కప్పుకుంది. జడ్జి వసుంధరగారు ఆ ప్రశ్నను కొట్టేశారు. కానీ నేను అప్పటికే పంపేశాను. సాయంత్రానికల్లా ఎవరో ఆ ముక్కను కత్తిరించి, వెటకారపు పాట తగిలించి, ఊరంతా తిప్పారు. ఇడ్లీలకొచ్చినవాళ్ళు కూడా చెంగు కప్పుకున్నట్టు నటించి నవ్వారట.

మరుసటి వాయిదాకు ఆమె బోనెక్కి, నేరుగా నా కళ్ళలోకి చూసింది.

"అమ్మగారండీ, దాన్ని ఆపించండి. దాన్ని చూత్తుంటే నాకు నోరు పెగల్దండి. నా కూతురు బడికెళ్ళడం మానేసిందండి."

జడ్జిగారు బదులిచ్చేలోపే సూరన్న భార్య గంగాభవాని వెనకనుంచి లేచింది.

"ఆపొద్దండీ! ఆపితే నాలుగ్గోడల మధ్య ఏం జరుగుద్దో ఎవరికి తెలుసండి? మా ఊరోళ్ళంతా అందులో చూత్తన్నారు. ఆళ్ళు చూత్తన్నారనే గదండీ, ఈ కాంట్రాక్టరు మనుషులు ఇంతవరకూ మా జోలికి రాంది!"

నాకు ముళ్ళమీద ఉన్నట్టయింది. ఒకామెకు కాపలా కాసిందీ నేనే, రెండో ఆమె పరువు బజారున పడేసిందీ నేనే.

జడ్జిగారు ఇద్దరి మాటా కాగితం మీద రాసుకున్నారు. చివరికి, "ఈ సాక్ష్యం అయ్యేవరకూ కెమెరా ఆపండి. ప్రతి మాటా రికార్డులోకి వస్తుంది. బయటివాళ్ళు వెళ్ళండి. గంగాభవానిగారూ, మీరు మాత్రం ఇక్కడే కూర్చోండి" అన్నారు. ఇలా నన్ను ఆపేసి జరిపే విచారణను వాళ్ళు 'ఇన్ కెమెరా' అంటారట! మనుషుల తమాషా అది.

గంగాభవాని ముఖం మాడిపోయింది. అయినా ముందుకు నడిచి, కాంట్రాక్టరు చూపుకూ బోనుకూ అడ్డంగా ఉన్న బెంచీ మీద కూర్చుంది.

"నన్ను చూసి చెప్పు వదినా" అంది.

అంతలో నా చూపూ వినికిడీ పోయాయి.

ఆమె మాట్లాడిందా? మళ్ళీ తడబడిందా? ఎవరైనా కళ్ళతో బెదిరించారా? చీకట్లో నేను గిలగిల్లాడిపోయాను.

మళ్ళీ వెలిగేసరికి బోను ఖాళీ. ప్లీడరు తలెత్తకుండా కాగితాలు సర్దుకుంటున్నాడు. బెంచీ మీద గంగాభవాని భుజాన తల వాల్చి నూకరత్నం కూర్చుని ఉంది. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

తీర్పు మాత్రం నా ఎదుటే చదివారు. కాంట్రాక్టరుకు యావజ్జీవం. నూకరత్నం సాక్ష్యంలో ఎక్కడా తేడా లేదన్నారు జడ్జిగారు. జనం కదిలి వెళ్తుంటే, ఒక ముసలాయన తలుపు దగ్గర గంగాభవానిని ఆపాడు.

"ఇంతకీ ఆ రోజు లోపలేం చెప్పిందే?"

"చెప్పాల్సిందంతా చెప్పింది, బాబాయ్. నేనున్నాగా" అని, నూకరత్నం చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

నేనింకా ఆ గోడమీదే ఉన్నాను. కొందరు సాక్షులు నన్ను చూసి ధైర్యం తెచ్చుకుంటారు, కొందరు తల దించుకుంటారు. ఎవరికి ఏమవుతున్నానో తెలియక ప్రతి ఉదయం నాకు అదే గుబులు. ఆ పూట మాట పెగిలినప్పుడు నూకరత్నం ముఖం ఎలా ఉందో ఇప్పటికీ తెలియదు. అడుగుదామంటే నాకు నోరు లేదు.