బర్రె నుంచి వచ్చిన జ్వరం

నెలలు నిండకుండానే బర్రె ఈనబోతుంటే విజేందర్ మగ్గం మీది నుంచి లేచి వెళ్లి, ఉత్త చేతులతోనే దూడను బయటికి లాగాడు. దూడ చచ్చే పుట్టింది. ఆలేరులో చీరలు నేసే ఆ ఇంటికి పాడి అంటే ఆ ఒక్క బర్రే.

తరువాత అతనికి జ్వరం పట్టుకుంది. పొద్దుగూకితే ఒళ్లు కాలిపోయేది, తెల్లారేసరికి చెమటతో పక్కంతా తడిసేది. టైఫాయిడ్ అని మందులిచ్చారు. తగ్గలేదు సరికదా, నడుము పట్టేసి మగ్గం గుంటలో కూర్చోలేకపోయాడు.

అతని అన్న కూతురు హారిక హైదరాబాద్‌లో పశువ్యాధుల పరిశోధనశాలలో పనిచేస్తుంది. చూడవచ్చి, సంగతి విని, విజేందర్ రక్తమూ బర్రె పాలూ పట్టుకుపోయి పరీక్షించింది. రెండింట్లోనూ చూడి పశువులకు కడుపు పోయేలా చేసే బ్రుసెల్లా క్రిమే. జబ్బు తెప్పించే జన్యువులు కూడా అచ్చం ఒకేలా ఉన్నాయి. ఫలితం అంత స్పష్టంగా వచ్చినందుకు ముందు సంతోషపడింది. అది ఎవరి రక్తమో గుర్తొచ్చి సిగ్గుపడింది.

మళ్లీ వచ్చి చెప్పింది.

"గీ క్రిమి మన ఒంటిని కాపాడే కణాలల్లనే దూరి దాసుకుంటది చిన్నాయినా. గట్ల బతికే తెలివి దాని జన్యువులల్లనే ఉన్నది."

"మందుల్లేవా బిడ్డా?"

"ఉన్నయి. శానా వారాలు మింగాలె. కానీ ఇప్పటికే వెన్నుపూస దాంక పోయింది."

"మరి బర్రె?" అంది విజేందర్ భార్య శోభ.

"దాన్ని ఎవ్వరికీ అమ్మొద్దు చిన్నమ్మా. పాలు గూడ ఎవ్వరికీ పొయ్యొద్దు."

"మరి గడ్డి యాడికెల్లి తేవాలె? మగ్గం ఆగిపాయె."



మందులన్నీ వాడినా జ్వరం తిరగబెట్టింది. హారిక ఈసారి వచ్చేసరికి కొట్టం ఖాళీగా ఉంది.

"రోగమున్నదని చెప్పి అమ్మినవా చిన్నమ్మా?"

"చెప్తే ఎవరు కొంటరు?" శోభ ముఖం తిప్పుకుంది. "షాద్‌నగర్ దిక్కు పోయిందట."

"వాళ్లింట్ల గూడ మనుషులుంటరు గదా!"

"మా ఇంట్ల లేరా?"

హారిక బర్రెను కొనుక్కుపోయిన బేరగాడికి ఫోన్ చేసింది. "ఏ బర్రె మేడం? దినాం ఎన్నో అమ్ముత. ఏది ఎవరింటికి పోయిందో నాకేం యాది?" అని పెట్టేశాడు.

లోపల విజేందర్ మూలిగాడు. ఇద్దరూ చెరోవైపు పట్టుకొని లేపబోయారు. అతని కాళ్లు నిలవలేదు.

"తగ్గుతదా బిడ్డా? నిజం చెప్పు," అన్నాడు విజేందర్.

అబద్ధమైనా చెబుదామనుకుంది హారిక. చెప్పలేక, అతని కాళ్లు పట్టి పక్క మీదికి ఎత్తింది. శోభ అతన్ని తిరిగి పడుకోబెట్టి దుప్పటి కప్పింది.